చిన్నప్పుడు భయపెట్టిన ఆ సేఫ్టీ ఫిల్మ్‌ని మళ్ళీ వెతికి పట్టుకోవడం ఎలా

స్కూల్లో అందర్నీ ఒక రూంలో కూర్చోబెట్టి చూపించిందో, టీవీలో కార్టూన్ల మధ్యలో చెప్పా పెట్టకుండా వచ్చిందో, ఏదో ఒక సేఫ్టీ ఫిల్మ్ చాలామంది బుర్రలో ఇప్పటికీ తిష్ట వేసుకుని ఉంటుంది. పేరు గుర్తుండదు, ఎవరు తీశారో తెలీదు, నీళ్ళ దగ్గర నిలబడ్డ నల్ల ముసుగు లేకపోతే పట్టాల మీద పడున్న ఒక బూటు, అంతే మిగిలింది. దాన్ని మళ్ళీ దొరకబుచ్చుకోవచ్చు, చాలావరకు పైసా ఖర్చు లేకుండానే, కాకపోతే అందరూ వెతికే పద్ధతే తేడా. జడుసుకున్న సీన్ పట్టుకుని వెతుకుతారు, ఆ సీన్‌లో సగం డైరెక్టర్ తీసింది, మిగతా సగం ఇన్నేళ్ళలో మన బుర్ర కలిపింది. నన్నడిగితే వెతకాల్సింది ఆ సీన్ కోసం కాదు, ఆ ఫిల్మ్ ఏ ప్రమాదం గురించి చెప్పింది, దానికి డబ్బులెవరు పెట్టారు, ఈ రెండూ పట్టుకుంటే చాలు మిగతాదంతా లాక్కుంటూ వస్తుంది.

ముందు రాసుకోండి, తర్వాతే సెర్చ్

ఇది మాత్రం తప్పనిసరి. నెట్‌లో "అత్యంత భయంకరమైన పది సేఫ్టీ ఫిల్ములు" లాంటి లిస్టులు బోలెడు, థంబ్‌నెయిల్స్ కూడా మంచి జోరుగా పెడతారు, ఒక్కసారి అవి చూశారా ఇక మీ జ్ఞాపకం ఏదో ఆ బొమ్మ ఏదో మీకే తేడా తెలీదు. అందుకని ముందు ఒక కాగితం మీదో ఫోన్‌లో నోట్స్‌లోనో గుర్తున్నదంతా రాసి, కింద తేదీ వేసి, దాన్ని మళ్ళీ ముట్టుకోకండి.

ఏం రాయాలంటే, భయపడిన సీన్ ఒక్క లైన్‌లో చాలు, దాని మీద ఎక్కువ టైం పెట్టొద్దు. చుట్టుపక్కల సంగతులు ఎక్కువ పనికొస్తాయి. ఎక్కడ చూశారు, క్లాస్‌లోనా హాల్లోనా ఇంట్లో టీవీలోనా థియేటర్లోనా. కర్టెన్లు వేసి చీకటి చేశారా, వెనకాల ప్రొజెక్టర్ టకటక సౌండ్ వచ్చిందా (అలా అయితే 16 ఎంఎం ప్రింట్ అన్నమాట, అంటే దాదాపు వీడియో క్యాసెట్లు స్కూళ్ళకి రాకముందు సంగతి), లేకపోతే చక్రాల స్టాండ్ మీద టీవీ తోసుకొచ్చి క్యాసెట్ పెట్టారా. బొమ్మలా మనుషులా. మాట్లాడింది మగ గొంతా ఆడ గొంతా, పాట ఉందా, అసలు మాటలే లేవా. ఫిల్మ్‌తో పాటు బయటి మనిషి ఎవరైనా వచ్చారా, యూనిఫాంలో ఉన్న రైల్వే పోలీసో ఫైర్ వాళ్ళో కరెంటు ఆఫీసు మనిషో, ఇది గుర్తుంటే సగం పని అయిపోయినట్టే ఎందుకంటే ఇలాంటివి చాలావరకు ఆ డిపార్ట్‌మెంట్ వాళ్ళే పట్టుకొచ్చి చూపించేవాళ్ళు.

ఇంకొకటి రాయండి, దీన్ని ఎవరూ పట్టించుకోరు కానీ నా లెక్కలో అన్నిటికంటే గట్టి ఆధారం ఇదే. ఆ ఫిల్మ్ చూశాక కొన్నాళ్ళు మీరు ఏం చెయ్యడం మానేశారు? నున్నటి గచ్చు మీద పరిచిన చిన్న తివాచీ మీద కాలు పెట్టేవాళ్ళు కాదా, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సందులోంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళా, ఫ్రిజ్ తలుపు తెరవాలంటే భయమా, ఎవరైనా తెలియని మనిషి చాక్లెట్ ఇస్తే పరిగెత్తేవాళ్ళా. బొమ్మ మారిపోతుంది కానీ మానేసిన పని అంత తేలిగ్గా మారదు, పైగా దానికి ఇంట్లో వాళ్ళు సాక్షులు ఉంటారు, "వీడు ఒక ఏడాది చెరువు వైపే వెళ్ళలేదు" అని అమ్మ చెప్పేస్తుంది. అది సరాసరి ప్రమాదం పేరు చెప్పేస్తుంది.

వయసు అంచనా వెయ్యడానికి కూడా ఒక దారి ఉంది. పిల్లల భయాల మీద చాలా ఏళ్ళు పని చేసిన జోయాన్ కాంటర్ అనే రీసెర్చర్ చెప్పేది ఏంటంటే బాగా చిన్నపిల్లలు కనపడే రూపానికి భయపడతారు, కాస్త పెద్దయ్యాక "ఇది నిజంగా నాకూ జరగొచ్చు" అన్నదానికి భయపడతారు. మీకు గుర్తున్నది ముసుగు, గొంతు, వింత మొహం లాంటివైతే అప్పుడు బహుశా ఏడెనిమిదేళ్ళ లోపు, ఒక మామూలు పిల్లాడికి మామూలుగా జరిగిన యాక్సిడెంట్ గుర్తుంటే ఇంకాస్త పెద్ద క్లాస్. ఇది కొలత బద్ద కాదు, ఉజ్జాయింపు మాత్రమే, కానీ ఏ సంవత్సరాల్లో వెతకాలో తేల్చుకోడానికి పనికొస్తుంది.

అక్కనీ అన్ననీ అడిగేటప్పుడు

ఇక్కడే చాలామంది కేసు పాడుచేసుకుంటారు. "అక్కా, ఆ రైలు సినిమాలో పిల్లాడి కాళ్ళు తెగిపోతాయి కదా?" అని అడిగితే అక్క "అవునవును, రక్తం కూడా" అంటుంది. ఆ రక్తం ఇప్పుడే పుట్టింది.

నేను ఊరికే అనడం లేదు, 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అని ఇద్దరు సరిగ్గా ఇదే చేసి చూపించారు. స్టూడెంట్స్‌కి కారు యాక్సిడెంట్ ఉన్న చిన్న ఫిల్మ్ చూపించి, కొందర్ని "కార్లు గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడ్‌లో ఉన్నాయి" అని, కొందర్ని "కార్లు నుజ్జయ్యేలా ఢీకొన్నప్పుడు ఎంత స్పీడ్‌లో ఉన్నాయి" అని అడిగారు, ఇంకొందర్ని స్పీడ్ సంగతే అడగలేదు. వారం తర్వాత అందర్నీ పిలిచి పగిలిన అద్దం చూశారా అని అడిగితే, గట్టి మాటతో అడిగిన 50 మందిలో 16 మంది చూశామన్నారు, మామూలు మాటతో అడిగిన 50 మందిలో 7గురు, ఏమీ అడగనివాళ్ళలో 6గురు. ఫిల్మ్‌లో పగిలిన అద్దం అసలు లేనే లేదు. తమాషా ఏంటంటే ఆ పరిశోధనలో మొదటి ప్రయోగానికి వాడిన యాక్సిడెంట్ ముక్కలు వాళ్ళు కొత్తగా తీసినవి కావు, సియాటిల్‌లో ఒక సేఫ్టీ కౌన్సిల్ దగ్గరా అక్కడి పోలీసుల దగ్గరా అడిగి తెచ్చుకున్న డ్రైవింగ్ సేఫ్టీ ఫిల్ముల్లోంచి కత్తిరించినవి. అంటే మనం ఇప్పుడు వెతుకుతున్న సరుకే. ఒక మాట మార్చి అడిగితే వారానికే అంత తేడా వస్తే ఇక ముప్పై నలభై ఏళ్ళకి ఏమవుతుందో మీరే ఆలోచించుకోండి.

అందుకని అడిగే ప్రశ్న చప్పగా ఉండాలి. "అక్కా, స్కూల్లో మనకి ఏదైనా సినిమా వేసి చూపించిన గుర్తుందా నీకు?" అంతే, అని ఊరుకోండి. ఆమె చెప్పేది చెప్పనివ్వండి, మధ్యలో "ఆఁ అదే అదే" అని ఎగరొద్దు, ఇంకోళ్ళని అడిగేటప్పుడు అక్క ఇలా చెప్పింది అని ఎత్తొద్దు. ఫ్యామిలీ గ్రూప్‌లో అందరినీ కలిపి అడగడం అన్నిటికంటే పెద్ద దెబ్బ, మొదట ఎవరు టైప్ చేస్తే మిగతావాళ్ళ జ్ఞాపకం దానికే అతుక్కుంటుంది. ఒక్కొక్కరికి విడిగా మెసేజ్ పెట్టండి.

డబ్బులు ఎవరు పెట్టారు

సేఫ్టీ ఫిల్మ్ అంటే ఎవరో ఒకరు బిల్లు కట్టి తీయించినదే. రైళ్ళ గురించైతే రైల్వే, తీగల గురించైతే కరెంటు సంస్థలు, పొలంలో ప్రమాదాలైతే పని చేసే చోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, రోడ్డైతే పోలీసులో ట్రాఫిక్ వాళ్ళో. కాబట్టి ప్రమాదం తెలిస్తే తీయించినవాళ్ళు తెలుస్తారు, వాళ్ళు తెలిస్తే వాళ్ళ ఫిల్ములు ఏ ఆర్కైవ్‌కి చేరాయో తెలుస్తుంది.

ఈ జానర్‌కి పుట్టిల్లు లాంటిది బ్రిటన్. అక్కడ 1946లో పెట్టిన సెంట్రల్ ఆఫీస్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అనే ప్రభుత్వ శాఖ 2012లో మూసేసేదాకా వీటిని తీయిస్తూనే ఉంది, వాళ్ళు పిలిచే పేరు పబ్లిక్ ఇన్ఫర్మేషన్ ఫిల్మ్, మీరు సెర్చ్‌లో ఇంగ్లీషులో కొట్టాల్సిన ముఖ్యమైన మాట ఇదే. టీవీకి ఇచ్చే చిన్నవాటిని ఛానెళ్ళకి ఫ్రీగా ఇచ్చేవాళ్ళు, యాడ్ల మధ్య ఖాళీ మిగిలితే ఛానెల్ వాడు ఒకటి తీసి వేసేవాడు, అందుకే అవి ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలిసేది కాదు, అందుకే అంత దడ కూడా. దీని వల్ల మనకి ఒక ఉపయోగం, పాత పేపర్లలో టీవీ ప్రోగ్రాం లిస్టులు తిరగేసి టైం వేస్ట్ చేసుకోకండి, వీటి పేర్లు అందులో ఉండవు.

నల్ల ముసుగు మనిషి ఫిల్మ్ ఈ శాఖదే, లోన్లీ వాటర్, 1973, ఉన్నదంతా నిమిషంన్నర. పొలంలో ఆడుకునే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చనిపోయేది అపాచెస్, 1977, దాదాపు అరగంట. రైలు పట్టాల మీద స్కూల్ స్పోర్ట్స్ డే జరిగినట్టు తీసింది ది ఫినిషింగ్ లైన్, అదీ 1977లోనే, కానీ అది అక్కడి రైల్వేల కోసం ఫిల్ములు తీసే బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ ఫిల్మ్స్ వాళ్ళది, గొడవ ఎక్కువై 1979లో వెనక్కి తీసేసుకుని దాని బదులు రాబీ అని ఇంకొకటి ఇచ్చారు. కాబట్టి రైలు ఫిల్మ్ గుర్తుండి, మీరు చూసింది 1980ల్లో అయితే రాబీతో మొదలుపెట్టడం మంచిది.

అమెరికాలో పెరిగినవాళ్ళకి దారి వేరు. అణుబాంబు పడితే బల్ల కింద దూరి తల దాచుకోమని చెప్పే తాబేలు గుర్తుంటే అది డక్ అండ్ కవర్, 1951లో సివిల్ డిఫెన్స్ అంటే యుద్ధంలో జనాన్ని కాపాడే ప్రభుత్వ శాఖ కోసం తీసింది, తొమ్మిది నిమిషాలు, 2004లో నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ అనే, భద్రపరచాల్సిన సినిమాల జాబితాలోకి కూడా ఎక్కించారు. డ్రైవింగ్ క్లాస్‌లో నిజం యాక్సిడెంట్లు, నిజం శవాలు చూపించారని గుర్తుంటే అది చాలావరకు ఒహాయోలో హైవే సేఫ్టీ ఫౌండేషన్ తీసిన వరసలోది, మొదటిది సిగ్నల్ 30, 1959. ఆ పేరు అక్కడి హైవే పోలీసులు రోడ్డు మీద మనిషి పోతే వాడే కోడ్.

మన దగ్గర అయితే 1948లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్, వాళ్ళవి థియేటర్లో అసలు సినిమాకి ముందు తప్పనిసరిగా వేసేవాళ్ళు కాబట్టి పెద్దవాళ్ళకి గుర్తున్నవి చాలావరకు అవే. ఇప్పటి కుర్రకారుకి గుర్తుండేవి పొగాకు వద్దని చెప్పే యాడ్లు, పొగాకు వాడకం చూపించే సినిమా మొదట్లో ఒకటి ఇంటర్వెల్ దగ్గర ఒకటి అర నిమిషం చొప్పున తప్పనిసరి అన్న రూల్ 2012 అక్టోబర్ 2 నుంచి. ఊపిరితిత్తుల్ని స్పాంజిలా పిండేది ఆ మొదటి ఏడాది నడిచింది, 2013 అక్టోబర్ నుంచి కొత్తవి వచ్చాయి, ఇలాంటి మార్పు తేదీలు తెలిస్తే మీరు ఏ సినిమాకి వెళ్ళినప్పుడు చూశారో కూడా తేల్చుకోవచ్చు.

ఒక మెలిక కూడా చెప్పాలి. కొన్ని అసలు ప్రజలకి చూపించడానికి కాదు, దాచి పెట్టడానికి తీశారు. అణుయుద్ధం వస్తే ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పే ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్ ఫిల్ములు నిజంగా దాడి జరిగేలా ఉంటేనే వెయ్యాలని బ్రిటన్ ప్రభుత్వం అట్టే పెట్టింది, 1980లో బీబీసీ వాళ్ళ పనోరమా అనే న్యూస్ ప్రోగ్రాంలో వాటి ముక్కలు బయటికొచ్చాయి. "టీవీలో మామూలుగా వచ్చేది" అని గుర్తున్నవాళ్ళు నిజానికి చూసింది దాని మీద వచ్చిన న్యూస్ ప్రోగ్రాం. మీ జ్ఞాపకంలో ఫిల్మ్ సగంలో ఆగి ఎవరో మాట్లాడినట్టు ఉంటే డాక్యుమెంటరీలు కూడా వెతకండి.

ఎక్కడ వెతకాలి

బ్రిటన్ వాటికి బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ వీడియో సైట్ బీఎఫ్ఐ ప్లేయర్, అక్కడి నేషనల్ ఆర్కైవ్స్. అమెరికావాటికి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రెలింగర్ కలెక్షన్, రిక్ ప్రెలింగర్ అనే ఆయన స్కూలు ఫిల్ములు, యాడ్లు, కంపెనీ ఫిల్ములు, ఎవరూ దాచుకోని చెత్త అనుకున్నవన్నీ 1980ల నుంచి పోగేశారు, 2002లో ఆ రీళ్ళన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తీసుకుంది, చాలా ఫిల్ములు ఫ్రీగా డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు. యూట్యూబ్ సరేసరి.

సెర్చ్‌లో కొట్టేటప్పుడు ప్రమాదం, దశాబ్దం, ఫిల్మ్ రకం, ఈ మూడే కొట్టండి. "రైల్వే, 1970స్, పబ్లిక్ ఇన్ఫర్మేషన్ ఫిల్మ్" అన్నట్టు. "పిల్లాడి తల తెగిన భయంకర వీడియో" అని కొట్టారనుకోండి, మీకు కావల్సింది దొరకదు సరికదా వద్దనుకున్నవన్నీ వచ్చి పడతాయి, తర్వాత నెల రోజులు యూట్యూబ్ అవే తినిపిస్తుంది.

దొరికింది అదేనా కాదా

మొదట కనపడింది చూసి "ఇదే" అనుకోకండి. ముందు రాసుకున్న కాగితం తీసి, భయపడిన సీన్ పక్కన పెట్టి మిగతావి సరిచూడండి. గొంతు, పాట, చూసిన చోటు, నిడివి, మీరు మానేసిన పని, వీటిలో రెండు మూడు కలిస్తేనే ఓకే. సంవత్సరం విషయంలో ఒకటే రూల్, ఫిల్మ్ మీ జ్ఞాపకం కంటే ముందు తీసి ఉండాలి, ఎంత ముందైనా ఫర్వాలేదు, స్కూళ్ళలో ఒకే ప్రింట్ గీతలు పడి మధ్యలో తెగి అతికించి మళ్ళీ అదే ఏళ్ళ తరబడి తిప్పేవాళ్ళు.

నిడివి తేడా వచ్చిందని వెంటనే కొట్టిపారెయ్యొద్దు కూడా, ఒకే ఫిల్మ్ స్కూలుకి పెద్దగా టీవీకి ముక్కలుగా ఉండేది. 1978లో కరెంటు తీగల గురించి తీసిన ప్లే సేఫ్ అలాంటిదే, పెద్దదాంట్లో గుడ్లగూబా చిన్న పిట్టా బొమ్మలు కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే మధ్యమధ్యలో నిజం పిల్లాడు సబ్‌స్టేషన్ కంచె ఎక్కి పడిపోయిన ఫ్రిస్బీ తెచ్చుకోబోతాడు. బుర్ర దీన్ని రెండుగా చీల్చి ముద్దొచ్చే గుడ్లగూబని ఒక ప్రోగ్రాంలో, ఆ పిల్లాడిని ఇంకో ప్రోగ్రాంలో పెట్టేస్తే ఆశ్చర్యం లేదు. దీనికి రివర్స్ కూడా జరుగుతుంది, రెండు ఫిల్ములు కలిసి ఒకటై కూర్చుంటాయి. అన్నీ కలిసి ఒక్క సీన్ మాత్రం ఎక్కడా దొరక్కపోతే ఆ సీన్ వేరే ఫిల్మ్‌ది అయ్యుండొచ్చు, దానికి వేరే కాగితం మొదలుపెట్టండి.

చూసేటప్పుడు

పగటిపూట చూడండి, నవ్వకండి, పెద్దయ్యాక కూడా కొన్ని బాగానే పనిచేస్తాయి. మొదటిసారి సౌండ్ ఆపేసి చూడమంటాను. లోన్లీ వాటర్ మ్యూట్‌లో చూస్తే మంచు పట్టిన నీళ్ళు, బురద, ఒడ్డున పిల్లలు, వెనకాల మొహం లేని ముసుగు, అంతకు మించి ఏమీ లేదు, ఒక్క శవం కూడా చూపించరు. తర్వాత సౌండ్ పెట్టండి. డొనాల్డ్ ప్లెజెన్స్ గొంతు అది, అరవడు, బెదిరించడు, ఏ పిల్లాడు జారతాడా అని తీరిగ్గా ఎదురుచూస్తున్నట్టు మెల్లిగా చెప్పుకుంటూ పోతాడు. చివర్లో బుద్ధిమంతులైన పిల్లలు వచ్చేసరికి ముసుగు ఖాళీ గుడ్డలా కిందపడిపోతుంది, ఒకరు దాన్ని తీసి నీళ్ళలోకి విసిరేస్తారు, అప్పుడు కూడా ఆ గొంతు మళ్ళీ వస్తానంటుంది. మనల్ని నిద్ర పోనివ్వనిది ఆ గొంతే అని అప్పుడు తెలుస్తుంది.

అపాచెస్‌లో ఇంకా బాగా తెలుస్తుంది. పొలం మందు తాగిన అమ్మాయి చావు చాలామందికి పచ్చిగా గుర్తుంటుంది, తీరా చూస్తే తెర మీద ఉన్నది రాత్రి పూట ఒక ఇల్లు, ఒక కిటికీలో వెలిగే లైటు, లోపల్నుంచి అమ్మని పిలుస్తూ కేక. అమ్మాయి కనపడదు. డైరెక్టర్ జాన్ మెకెంజీ ఆ గది తలుపు తెరవలేదు, మనమే తెరుచుకుని లోపలికెళ్ళి చూసొచ్చాం. ఇంకోటి గమనించండి, మొదటి నుంచి ఒక పిల్లాడు ఇంట్లో పార్టీకి ఏర్పాట్లు జరుగుతున్నాయని చెప్తూ ఉంటాడు, అది వాడి చావు తర్వాత చుట్టాలు కూడే సందర్భం అని చిన్నప్పుడు చాలామందికి అర్థమయ్యి ఉండదు. చివర్లో నిజంగా పొలాల్లో ప్రమాదాలకి పోయిన పిల్లల పేర్లు వస్తాయి, చిన్నప్పుడు ఎవరు చదువుతారు అవి, ఇప్పుడు పాజ్ చేసి చదవండి.

అన్నీ ఇలా ఏమీ చూపించకుండానే భయపెట్టినవే అనుకోవద్దు మళ్ళీ. ఫినిషింగ్ లైన్‌లో రక్తం నిజంగానే ఉంది, మీ జ్ఞాపకం కరెక్టే. సిగ్నల్ 30 అయితే నటన కాదు, నిజం మనుషులు, నిజం చావులు, ఇంట్లో ఎవరైనా రోడ్డు ప్రమాదంలో పోయి ఉంటే దాని జోలికి పోవద్దు, దాని గురించి చదివి వదిలెయ్యండి, సరిచూసుకోడానికి అది చాలు.

మన పిల్లలకి చూపించొచ్చా అంటే, నా మాటకి ఫలానా వయసు అని గీత గియ్యను కానీ ఒకటి చూసుకోండి. 1953లో జానిస్, ఫెష్‌బాక్ పళ్ళ శుభ్రత మీద స్కూలు పిల్లలకి తక్కువ భయం, మధ్యరకం, బాగా ఎక్కువ భయం పెట్టే పాఠాలు చెప్పి చూస్తే అన్నిటికంటే తక్కువ మాట విన్నది బాగా ఎక్కువ భయపడ్డవాళ్ళే. తర్వాత వచ్చిన పరిశోధనలు భయం అస్సలు పనిచెయ్యదని అనలేదు, దాంతో పాటు ఏం చెయ్యాలో చేతికందేలా చెప్పాలన్నాయి. ఆ లెక్కన ఫిల్మ్ చూసి "జారితే ఏం చెయ్యాలి, ఎవర్ని పిలవాలి" అన్నది అందులో ఉందో లేదో చూడండి, లేకపోతే మీరు పక్కన కూర్చుని చెప్పగలిగితేనే వెయ్యండి. పడుకునే ముందు మాత్రం వద్దు బాబూ.

దొరికాక లింక్ ఒక్కటే దాచుకోకండి, యూట్యూబ్‌లో ఇలాంటివి అప్‌లోడ్ చేసినవాళ్ళ అకౌంట్లు ఎప్పుడు ఎగిరిపోతాయో చెప్పలేం. పేరు, సంవత్సరం, తీయించిన సంస్థ, ఏ ఆర్కైవ్‌లో ఉందో, ఈ నాలుగూ ఆ పాత కాగితం కిందే రాసి పెట్టుకోండి. అక్కకి పంపాలనుకుంటే ఆమెకి గుర్తున్నది ముందు రాయించుకుని తర్వాతే పంపండి.